తరమరాదు అని రాయించడానికి

వెర్డెల్ గైన్స్ కోపం గురించి మా ఊళ్లో తలో మాటా అంటారు. పంతొమ్మిదేళ్లు ఆమె పక్కన నిలబడి బడి వంటగదిలో వండినదాన్ని కాబట్టి నేనొకటి చెప్పగలను. ఆమె పుట్టు కోపిష్ఠి కాదు. ఐదువందల మంది పిల్లలు ట్రేలు పట్టుకుని వరసలో వస్తుంటే ఒక్కొక్కరినీ పేరు పెట్టి పలకరించేది. "క్యారెట్లు మళ్లీ వదిలేశావంటే మీ నాయనమ్మకి చెప్తా, ఆదివారం చర్చిలో నా పక్కనే కూర్చుంటుంది" అని బెదిరించేది. ఆ పిల్లలు పెద్దవాళ్లయి, వాళ్ల పిల్లల్ని బడిలో దింపడానికి వచ్చినప్పుడు కూడా, "మిస్ వెర్డెల్ ఉందా?" అని వంటగది తలుపు తట్టేవారు.

ఆమెకి ఒక్కతే చెల్లెలు, ఓనీటా. ఏడేళ్లు చిన్న. భర్త పోయాక అక్క ఉంటున్న ఇంట్లోనే రెండో వాటాకి వచ్చేసింది. మధ్యలో పల్చటి గోడ. ఆ గోడకి అటొకరూ ఇటొకరూ నిలబడి పోట్లాడుకునేవాళ్లు. ఓనీటా డ్రైక్లీనింగ్ దుకాణంలో బట్టలు సరిచేసే పని చేసేది. చర్చి పాటగాళ్లందరి అంగీలూ ఆమె కుట్టినవే.

అక్టోబరులో ఒక శనివారం, మధ్యాహ్నం రెండూ ఇరవైకి, ఓనీటా ఆ అంగీలు వెనక సీట్లో వేసుకుని కెస్లర్ రోడ్డు దాటుతోంది. ఆమెకి పచ్చ దీపమే ఉంది. ముప్పై మైళ్లు మించకూడదని బోర్డు ఉన్న ఆ రోడ్డు మీద తొంభై రెండు మైళ్ల వేగంతో ఒక కారు ఎర్ర దీపం దాటుకుని వచ్చి ఆమె తలుపు మీద గుద్దింది. దాని వెనక పోలీసు కారు. దాని వెనక ఇంకో పోలీసు కారు. ఓనీటా అక్కడికక్కడే పోయింది.

ముందు కారులో ఉన్నవాడి పేరు టెరిల్ బోస్ట్విక్, ఇరవై మూడేళ్లవాడు. వాడు చేసిన నేరం, నంబరు పలక మీద ఏటేటా కొత్తగా అంటించాల్సిన స్టిక్కర్ అంటించకపోవడం. ఆపమంటే, లైసెన్సు లేదని భయపడి పారిపోయాడు.

ఆ సాయంత్రం టీవీలో పోలీసు ప్రతినిధి కనిపించి, "మా వాళ్లు నియమాల ప్రకారమే నడుచుకున్నారు. ఒక ప్రమాదకరమైన నేరస్థుణ్ణి వీధుల్లోంచి తప్పించాం" అన్నాడు. వెర్డెల్ ఇంటి నిండా మనుషులు, బల్ల నిండా వాళ్లు వండి తెచ్చిన క్యాసెరోల్ గిన్నెలు. ఆమె టీవీకేసి వేలు చూపించి, "మా చెల్లెల్ని కూడా వీధుల్లోంచి తప్పించారు. అది చెప్పడేం?" అంది. ఆమె గొంతులో నేనెన్నడూ వినని ఆ గరుకుదనం ఆ రోజే విన్నాను. అది ఇంతవరకూ పోలేదు.

సమాధి అయిన వారానికి ఓనీటా సామాన్ల కోసం నుజ్జయిన బండ్లు ఉంచే యార్డుకి వెళ్లాం. నేనే తీసుకెళ్లాను. యార్డు యజమాని హోబర్ట్ స్లాగెల్ అరవై దాటినవాడు, ఊళ్లో పోలీసులు పిలిస్తే కొక్కెం లారీ వేసుకెళ్లి గుద్దుకున్న బండ్లు లాక్కొచ్చేవాడు. కిటికీలోంచి చూసి, "బండి మీదేనని కాగితం ఉందా అమ్మా?" అన్నాడు.

"బండి మా చెల్లెలిది."

"ఆవిడ సంతకం కావాలి మరి. రూలు."

"సంతకానికి ఆవిడ రావాలంటే మీరు పార తీసుకుని వెళ్లాలి బాబూ. ఎక్కడ తవ్వాలో నేను చూపిస్తాను."

ఆయన మొహం వాడిపోయింది. లోపలికి వెళ్లి, గాజుముక్కలు దులిపిన అంగీల మూట, ఒక కళ్లజోడు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. "ఇవి నేను ఇచ్చినట్టు ఎక్కడా రాయను, తీసుకెళ్లండి" అన్నాడు. ఆమె థాంక్స్ కూడా చెప్పలేదు.

కోర్టులో టెరిల్‌కి పద్నాలుగేళ్లు పడింది. శిక్ష వెయ్యడానికి ముందు చనిపోయినవాళ్ల తరఫు మనిషిని మాట్లాడనిస్తారు. వెర్డెల్ లేచి, "నువ్వు ఆగాల్సింది, ఆగలేదు. నీ శిక్ష నువ్వు అనుభవించు, నాకేం బాధలేదు" అని టెరిల్‌తో చెప్పి, జడ్జి వైపు తిరిగింది. "గుద్దింది ఒక కారు, తరిమింది రెండు కార్లు. ఆ రెండు కార్లవాళ్లు ఈ గదిలో ఎక్కడున్నారండీ?"

"ఆ విషయం ఈ కోర్టు ముందు లేదమ్మా" అన్నాడు జడ్జి.

"మరి ఏ కోర్టు ముందుంది?"

ఏ కోర్టు ముందూ లేదు. మా రాష్ట్రంలో డ్యూటీలో ఉన్న పోలీసు మీద అలాంటి దావా నిలవదని ముగ్గురు లాయర్లు చెప్పారు. నియమం తప్పాడని రుజువు చేస్తే చూడొచ్చన్నాడు నాలుగో ఆయన. తీరా ఆ నియమాల పుస్తకం తెప్పించి చూస్తే, తరమడం గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది: 'అధికారి తన విచక్షణ మేరకు నడుచుకోవాలి.' నియమమే లేనివాడు నియమం ఎలా తప్పుతాడు?

ఆ రోజు పోలీసులు వైర్‌లెస్‌లో మాట్లాడుకున్న మాటల రికార్డు కావాలని వెర్డెల్ అర్జీ పెట్టింది. నాలుగు ఉత్తరాలు, ఏడు నెలలు పట్టింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక, స్టీలు బల్లలు తుడిచేశాక, వంటగదిలోనే కూర్చుని ఇద్దరం విన్నాం.

"ఎవరో తెలుసు నాకు. టెరిల్. థర్డ్ స్ట్రీట్‌లో వాళ్లమ్మ దగ్గరుంటాడు" అన్నాడు కారు నడుపుతున్న పోలీసు.

"దేనికి తరుముతున్నావ్?" అన్నాడు స్టేషన్లో ఉన్న పైఅధికారి.

"స్టిక్కర్ అయిపోయింది. ఆపితే ఆగలేదు."

"రోడ్డు మీద రద్దీ ఎలా ఉంది?"

"పల్చగానే ఉంది."

తర్వాత పదకొండు సెకన్లు సైరన్. ఆ తర్వాత వినిపించిన చప్పుడు గురించి రాయను.

వెర్డెల్ బల్ల మీద పిడికిలి బిగించి కూర్చుంది. "పల్చగానే ఉందట, ఫెయ్. మా ఓనీటా ఒక్కతే కదా రోడ్డు మీద. ఒక్క మనిషంటే పల్చనే కదా!" అంది. ఒక్కసారిగా లేచింది. "వాడి ఇల్లు తెలుసు వీళ్లకి! పేరు తెలుసు, వీధి తెలుసు, వాళ్లమ్మ తెలుసు. ఆకలేస్తే ఇంటికి రాడా వాడు? మెట్ల మీద కూర్చుని ఉంటే వచ్చి ఒళ్లో పడేవాడు కదా! ఏ తొందరకి చంపారే దాన్ని?"

ఆ వారంలోనే వెర్డెల్, మా ప్రాంతం నుంచి చట్టసభకి కొత్తగా గెలిచిన ఒకామె ఇంటికి వెళ్లి, ఆ రికార్డు ఆమె సోఫాలో కూర్చుని వినిపించి వచ్చింది. ఆ సభ్యురాలు బిల్లు పెడతానంది. బిల్లు నిండా మూడే వాక్యాలు. ఒకణ్ణి చంపినవాణ్ణో, గాయపరిచినవాణ్ణో, ఆ పని చెయ్యబోతున్నవాణ్ణో తప్ప మరెవర్నీ పోలీసులు కారులో తరమరాదు. నంబరు రాసుకోవాలి. తర్వాత వెళ్లి పట్టుకోవాలి.

రాజధాని మా ఊరికి రెండున్నర గంటల దారి. మొదటి ఏడు సభాసంఘం ముందు మాట్లాడటానికి పొద్దున్నే బయల్దేరి వెళ్లి, సాయంత్రం నాలుగింటిదాకా కుర్చీల్లో కూర్చున్నాం. వెనక గోడ పొడుగునా యూనిఫారాలు వేసుకున్న పోలీసులు నలభై మంది చేతులు కట్టుకుని నిలబడ్డారు. మాట్లాడేవాళ్లకి రెండు నిమిషాలు. సంఘానికి అధ్యక్షుడు సెనేటర్ క్విన్లన్. వెర్డెల్ మాట్లాడుతున్నంతసేపూ ఆయన ఫోను చూసుకుంటూనే ఉన్నాడు. గంట మోగగానే తలెత్తి, "మీకు కలిగిన నష్టానికి విచారిస్తున్నామమ్మా" అన్నాడు.

"నష్టమా?" అంది వెర్డెల్. "నాకేం వ్యాపారంలో నష్టం రాలేదయ్యా. మా చెల్లెల్ని చంపారు."

"మీ టైమైపోయింది."

"మా చెల్లెలికీ అయిపోయింది. ఆమెకి గంట కూడా కొట్టలేదు."

మైకు కట్టేశారు. బిల్లు ఓటింగుకే రాలేదు.

ఊళ్లో మాటలు మొదలయ్యాయి. 'దొంగల అమ్మమ్మ' అని పేరు పెట్టారు. ఒకరోజు కిరాణా కొట్లో ఒకాయన అందరికీ వినబడేలా, "ఏం మిస్ వెర్డెల్, ఈ వారం ఏ దొంగని వదిలెయ్యమంటావ్?" అన్నాడు.

"నీ బావమరిదిని" అంది ఆమె, గుడ్ల పెట్టె తెరిచి పగిలినవి ఉన్నాయేమో చూసుకుంటూ. "లైసెన్సు పోయి రెండేళ్లయినా తిప్పుతున్నాడుగా బండి. వాణ్ణి తరుముకుంటూ పోలీసులు మీ వాకిట్లోకి వచ్చిన రోజు మళ్లీ మాట్లాడుకుందాం."

చర్చిలో పాస్టర్ కూడా ఒకసారి ఆపి, "సిస్టర్, ఈ కోపం నిన్ను తినేస్తోంది. దేవుడికి అప్పగించెయ్" అన్నాడు. "కోపాన్ని అప్పగిస్తే నన్ను రాజధానికి ఏది తీసుకెళ్తుంది పాస్టర్‌గారూ? ఫెయ్ కారు సగం దారిలోనే ఆగిపోతుంది" అంది. ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు.

రెండో ఏడు బిల్లుకి పోలీసులు ఒకటే మాట పట్టుకున్నారు. ఇలాంటివి ఎప్పుడో గానీ జరగవట. ఎన్ని జరిగాయని అడిగితే లెక్క పెట్టలేదన్నారు. లెక్కే పెట్టనివాళ్లకి తక్కువని ఎలా తెలిసిందని వెర్డెల్ అడిగితే, మళ్లీ గంట కొట్టారు. ఆ ఏడూ బిల్లు ముందుకి కదల్లేదు.

ఆ జూన్‌లో, బడికి సెలవులిచ్చి మేం వంటగది కడుగుతుంటే, వెనక తలుపు దగ్గర హోబర్ట్ స్లాగెల్ నిలబడ్డాడు. టోపీ చేతిలో ఉంది. కాళ్ల దగ్గర రెండు అట్టపెట్టెలు.

"టీవీలో చూశానమ్మా. లెక్క లేదన్నారట కదా" అన్నాడు. "నా దగ్గరుంది."

పోలీసులు పిలిచినప్పుడల్లా ఆయనకి ఒక చీటీ ఇస్తారు. బండి ఎక్కడ పడింది, ఎందుకు పడింది, అక్కడున్న అధికారే రాసి సంతకం పెడతాడు. పదకొండేళ్ల చీటీలు ఆయన పారెయ్యలేదు. ఆ మధ్యాహ్నం పిల్లలకి అన్నం పెట్టే స్టీలు బల్లల మీద అవన్నీ పరిచి వేరుచేశాం. తరమడం వల్ల జరిగిన ప్రమాదాలు రెండొందల పదమూడు. ఎవరినైనా కొట్టిన, కాల్చిన మనిషి వెంటపడినవి పదిహేడు. మిగతావన్నీ స్టిక్కర్లు, అతివేగం, నల్ల అద్దాలు, ఒకచోట రెండు బీరు పెట్టెల దొంగతనం. దారిన పోతూ చనిపోయినవాళ్లు తొమ్మిది మంది.

వెర్డెల్ ఆ తొమ్మిది చీటీలూ పక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత హోబర్ట్ వైపు తిరిగింది. నాకు భయమేసింది.

"పదకొండేళ్లు నీ యార్డులోకి లాక్కొచ్చావు. ఒక్కసారి కూడా నోరు తెరవలేదు."

"లేదమ్మా."

"ఎందుకని?"

"అదే నా బతుకు" అన్నాడాయన. "పోలీసులు పిలిస్తేనే నాకు పని. అద్దాలు ఊడ్చి, బండి లాక్కొచ్చి, ఇంటికెళ్లి అన్నం తిని పడుకునేవాణ్ణి. మీరొచ్చి పార తెమ్మన్నారే, అప్పట్నించి సరిగ్గా తినలేదు."

"నాకు ఈ మాటలు ఇక్కడొద్దు. అక్కడ చెప్పు" అంది వెర్డెల్. "ఆ గోడ వారన నిలబడతారే, వాళ్ల ముందు చెప్పు. చెప్తావా?"

ఆయన చీటీలు మళ్లీ పెట్టెల్లో సర్దాడు. "చెప్తా" అన్నాడు చివరికి.

మూడో ఏడు చెప్పాడు. మైకు ముందు కూర్చున్నాడు. "నాకు ఉపన్యాసాలు రావండి. నేను బండ్లు లాగేవాణ్ణి" అని, ఆ పెట్టెలు బల్ల మీద పెట్టాడు. పోలీసు సంఘం లాయరు లేచి, తరమరని తెలిస్తే ప్రతి దొంగా పారిపోతాడన్నాడు. వెర్డెల్ తన వంతు రాకుండానే వెనక నుంచి అరిచింది: "ఇప్పుడు పారిపోవడం లేదా? రెండొందల పదమూడు మంది పారిపోయారు కదయ్యా, మీరు తరుముతుండగానే!" ఆ సారి గదిలో చప్పట్లు మోగాయి. క్విన్లన్ ఫోను కింద పెట్టాడు.

తర్వాతి వారం నుంచి హోబర్ట్‌కి పోలీసు పిలుపులు రావడం ఆగిపోయింది. కారణం ఎవరూ చెప్పలేదు. ఆయన లారీలు మూడింటిలో రెండు అమ్మేశాడు. ఆ మాట విని వెర్డెల్ ఒక పెద్ద పళ్లెంలో వేయించిన చేప పట్టుకెళ్లి, "తిను, ఇకనన్నా సరిగ్గా తిను" అని ఆయన బల్ల మీద పెట్టి వచ్చేసింది. వాళ్లిద్దరి స్నేహం అలా మొదలైంది. అప్పుడూ తిడుతూనే ఉండేది.

ఆ ఏడు మార్చిలో బిల్లు రెండు సభల్లోనూ గెలిచింది. గవర్నరు సంతకానికి మమ్మల్ని పిలిచారు. దానికి 'ఓనీటా చట్టం' అని పేరు కూడా పెట్టారు. వెర్డెల్ ఊదారంగు టోపీ పెట్టుకుంది. నడవాలో ఒక ఉద్యోగి మా చేతికి చట్టం ప్రతి ఇచ్చాడు. కెమెరాలు సర్దుతున్నారు. వెర్డెల్ కళ్లజోడు పెట్టుకుని చదవడం మొదలుపెట్టింది. చదివింది. మళ్లీ చదివింది.

'తరమరాదు' అన్నచోట, 'ఆయా పోలీసు శాఖలు తరమరాదని నిర్ణయించుకోవచ్చు' అని ఉంది.

ఆఖరి వారంలో మార్చారు. మాకెవరూ చెప్పలేదు. మా ప్రాంతం సభ్యురాలు తలొంచుకుని, "అలా మార్చకపోతే ఓట్లు రావన్నారు మిస్ వెర్డెల్" అంది. క్విన్లన్ వచ్చి చెయ్యి చాపాడు. "ఏమీ లేనిదానికన్నా ఇది నయం కదమ్మా" అన్నాడు.

ఆమె చెయ్యి ఇవ్వలేదు. "సెనేటర్‌గారూ, మా వంటగదిలో గోడకి ఒక బోర్డుంది. పచ్చి కోడిమాంసం ముట్టుకున్నాక చేతులు కడుక్కోవాలి అని. దాన్ని 'కడుక్కోవచ్చు' అని మారుస్తాను. మీ మనవళ్లని పంపిస్తారా భోజనానికి?"

"మీరు కాస్త నెమ్మదిగా…"

"నెమ్మదిగానే ఉన్నాను. మూడేళ్లు రెండేసి నిమిషాలే మాట్లాడాను. మా చెల్లెలి పేరు తీసెయ్యండి దీని మీంచి. ఉత్త కాగితానికి అంటించడానికి కాదు మా అమ్మ దానికి ఆ పేరు పెట్టింది."

ఫొటో ఆమె లేకుండానే దిగారు. మర్నాడు పేపర్లో 'బాధిత కుటుంబం హర్షం' అని వేశారు. వెర్డెల్ ఆ పేపరు ఆఫీసుకి ఫోను చేసి, హర్షం అంటే ఏమిటో ఆ రాసినవాడికి పది నిమిషాలు వివరించింది. అయినా చట్టం పేరు మారలేదు. ఇప్పటికీ ఎవరైనా ఆమె ముందు ఆ పేరు అంటే లేచి వెళ్లిపోతుంది.

చట్టం 'వచ్చు' అందిగా, అయితే మా ఊరే 'తరమరాదు' అనాలని వెర్డెల్ పట్టుబట్టింది. వేసవి అంతా ఇల్లిల్లూ తిరిగింది. మోకాళ్లు వాచిపోయేవి. హోబర్ట్ మిగిలిన ఒక్క లారీలో వీధి మొదట దింపి, చివర ఎక్కించుకునేవాడు. మా నగర సభలో తొమ్మిది మంది. అక్టోబరులో ఓటింగు పెడితే ఐదుగురు అవునన్నారు, నలుగురు కాదన్నారు. 'తరమరాదు' అన్న మాట చెక్కుచెదరలేదు. ఆ ఐదోవాడు ఒకప్పుడు ఆమె వడ్డించిన క్యారెట్లు ట్రేలో వదిలేసినవాడే, కానీ అందుకని ఓటు వెయ్యలేదు. తొమ్మిది చీటీల్లో ఒకటి వాళ్ల పక్కింటివాళ్లది.

మరుసటి సెప్టెంబరులో, బడి వదిలేశాక మేమిద్దరం కెస్లర్ రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డాం. నా కారు నిజంగానే చచ్చిపోయింది. ఒక వెండిరంగు కారు గాలిలా దూసుకుపోయింది. వెనకే పోలీసు కారు, దీపాలు, సైరన్. వెర్డెల్ నా మోచెయ్యి పట్టుకుంది. గోళ్లు దిగాయి. నైన్త్ స్ట్రీట్ మూల దగ్గర సైరన్ ఆగిపోయింది. దీపాలు ఆరిపోయాయి. పోలీసు కారు నెమ్మదించి పక్కకి ఆగింది. లోపలున్న కుర్ర అధికారి ఏదో రాసుకుని, వచ్చిన దారినే తిరిగి వెళ్లిపోయాడు. వెండిరంగు కారు కాసేపటికి, తరిమేవాళ్లు లేకపోయేసరికి, మామూలు వేగంలో పడి ఉంటుంది. ఎవరికీ ఏమీ కాలేదు. బస్సొచ్చింది, ఎక్కాం.

రెండ్రోజులకి పేపర్లో నాలుగు లైన్లు వచ్చాయి. ఆ కారువాణ్ణి మర్నాడు పొద్దున వాళ్లింట్లోనే పట్టుకున్నారట. చెప్పులేసుకుని తలుపు తీశాడట. ఆమె సంతోషిస్తుందనుకుని నేను వంటగదిలో గట్టిగా చదివాను.

వెర్డెల్ చేతిలో గరిటె స్టీలు బల్లకేసి కొట్టింది. సాస్ గోడదాకా చిందింది.

"ఇంతేనా?" అంది. "తలుపు తట్టారు, తీశాడు. ఇంతేనా ఫెయ్? ఇంత తేలికైన పనా ఇది? దీనికోసమా నేను ఐదేళ్లు తిరిగింది? ఈ తలుపేదో ఆ రోజే తట్టి ఉంటే…"

పాల డబ్బాల మీద కూర్చుండిపోయింది. ఏడుస్తోందేమోనని దగ్గరికి వెళ్లాను. ఏడవడం లేదు. సొంత పోలీసు శాఖ ఉన్న ఊళ్లు రాష్ట్రంలో ఇంకా ఎన్ని ఉన్నాయో నన్ను లెక్కపెట్టమంది. మూడొందల పైన, అన్నాను. వాటిలో మూడే మాలాంటి నియమం పెట్టుకున్నాయి.

గంట మోగింది. పిల్లలు వరసలో వస్తున్నారు. ఆమె లేచి, గోడ మీద సాస్ తుడిచి, చేతులు కడుక్కుని, వడ్డించడానికి నిలబడింది. ఇప్పుడామెకి అరవై నాలుగు. వచ్చే జనవరిలో చట్టసభ మొదలయ్యే మొదటి రోజుకే వెళ్లాలంటోంది. 'వచ్చు' అన్న ఆ ఒక్క మాట మార్చేదాకా వెళ్తుందట.